గొట్టంలో ఈథర్ వాసన

కడప, 1956 మార్చి, మంగళవారం

ఆస్పత్రికి ఆపరేషన్లలో మత్తిచ్చే యంత్రం కొనాలి. మద్రాసు కంపెనీ మనిషి ఇవాళ ఒకటి తెచ్చి చూపించాడు. సరికొత్తదని ఒట్టేశాడు. అడగకుండానే ఒట్టేసేవాణ్ని నేను నమ్మను.

అతను కాఫీకి వెళ్లగానే మా కాంపౌండర్ మస్తాన్ రబ్బరు గొట్టం ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "సార్, ఇది యాడో వాడేసిందే. లోపల ఈథర్ వాసన వస్తాండాది. తుడిచి మనకు అంటగడతాండాడు" అన్నాడు. నేనూ వాసన చూశాను. ఏమీ తెలియలేదు. ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేస్తూ ఆ మత్తుమందు పీల్చి నా ముక్కు మొద్దుబారిపోయింది. అయినా మస్తాన్ మాట మీద ఆ మనిషిని, యంత్రాన్ని తిప్పి పంపేశాను.

ఇప్పుడు రాస్తుంటే అనుమానం ఇటు తిరుగుతోంది. రోగి ముఖం మీద గుడ్డ వేసి ఈథర్ చుక్కలు పోసేది పద్దెనిమిదేళ్లుగా మస్తానే. యంత్రం వస్తే ఆ పని, ఆ గౌరవం ఉండవు. పోయిన నెల వాళ్లింట్లో భోంచేస్తుంటే అతని భార్య నవ్వుతూ అంది: "పొయ్యి మీద కూర మాడిపోయినా ఈయనకు వాసన తగలదు సార్."

మరి గొట్టంలో వాసన ఎలా తగిలింది?

రేపు పొద్దున బద్వేలు గర్భిణికి ఆపరేషన్. ఆమె ముఖం దగ్గర ఈథర్ సీసా పట్టుకునేది మస్తానే.