చలమయ్య మైనస్ ఒకటి

భీమునిపట్నం,
నవంబరు 6.

బ్యాంకు మేనేజరు హిమబిందు గారికి,

చలమయ్య నమస్కారాలు. మా చుట్టుపక్కల రైతుల దగ్గర వంకాయ, బెండకాయ కొని పూర్ణా మార్కెట్లో అమ్ముతాను. నా సరుకు మోసే అద్దె బండిని దాని యజమాని సాయిశంకర్ ఏప్రిల్ నుంచి గాజువాకలో తిప్పుకుంటానన్నాడు. అప్పటికి సొంత బండి లేకపోతే నా వ్యాపారం మూసుకోవాలి. అందుకే లోనుకు వచ్చాను.

మీ గుమస్తా కంప్యూటరు చూసి, "మీ స్కోరు మైనస్ ఒకటండి" అని పదిమందిలో అన్నాడు. ముప్పై ఏళ్లుగా రొక్కం పెట్టి కొంటున్నాను. నాకు గాని, నా ఇంట్లో వాళ్లకు గాని ఎక్కడా బాకీ లేదు. అయినా మాట పడడం ఇష్టం లేక ఆ ఒక్క రూపాయి పంపుతున్నాను. రసీదు ఇప్పించండి.

ఇట్లు,
ఎవరికీ బాకీ లేని
చలమయ్య

తా.క. రూపాయి బిళ్ళను అన్నం మెతుకులతో అంటించాను. ఊడిపోతే కవరు అడుగున చూడండి.

నవంబరు 11.

చలమయ్య గారికి,

మైనస్ ఒకటి అంటే బాకీ కాదు. మీరు ఎప్పుడూ అప్పు చేయలేదు కాబట్టి మీ గురించి చెప్పడానికి ఏమీ లేదని అర్థం. స్కోరు మూడు వందల నుంచి తొమ్మిది వందల దాకా ఉంటుంది. ఏడు వందల యాభై దాటితే మంచిదంటారు. వాయిదాలు తప్పకుండా కట్టడం, ఎన్నాళ్లుగా కడుతున్నారు, కొత్త అప్పుల కోసం ఎన్ని చోట్ల అడిగారు, ఇలాంటివన్నీ చూసి లెక్క కడతారు. అది మనిషి మంచితనానికి కొలత కాదు. అయితే అది లేకుండా ఇంత పెద్ద లోను పై ఆఫీసు ఒప్పుకోదు.

భవదీయురాలు,
హిమబిందు

తా.క. రూపాయి మీ పొదుపు ఖాతాలో వేశాం. మెతుకులు వాపసు చేయలేకపోతున్నాం.

నవంబరు 19.

మేనేజరు గారికి,

నా గురించి చెప్పేవాళ్లు లేరన్నారు. పూర్ణా మార్కెట్లో పదిహేడు మంది షాపువాళ్ల చేత రాయించిన కాగితాలు జతపరిచాను. ఉల్లిపాయల గంగాధరరావుది ముందు చదవండి. "చలమయ్యకు మేమే బాకీ ఉంటాం గాని ఆయన మాకు ఎప్పుడూ ఉండడు" అని రాశాడు. ఇంకా కావాలంటే చేపల బజారు వైపు కూడా వెళ్తాను. బండి తీసుకునే తీరతాను.

ఇట్లు,
పదిహేడు మంది ఎరిగిన
చలమయ్య

తా.క. తొమ్మిదో కాగితం మీద పచ్చ మరక వేలిముద్రే. ఆయన పసుపు వ్యాపారి.

నవంబరు 25.

చలమయ్య గారికి,

అన్నీ చదివాను. నాకు అనుమానం లేదు గాని, కంప్యూటరులో వీటికి చోటు లేదు. చేపల బజారుకు వెళ్లకండి. ఏదైనా చిన్న వస్తువు వాయిదాల మీద కొని, నెలనెలా తేదీకి కట్టండి. కొన్ని నెలల్లో మీకూ ఒక స్కోరు వస్తుంది.

హిమబిందు

తా.క. ఒక్క వస్తువు చాలు.

డిసెంబరు 9.

మేనేజరమ్మ గారికి,

మీరు చెప్పినట్టే పది వాయిదాల మీద మిక్సీ కొన్నాను. ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. దారిలో ఎవరు పలకరించినా బాకీ అడుగుతున్నట్టే ఉంది. నాలుగో రోజు షాపుకు వెళ్లి పది వాయిదాలూ ఒకేసారి బల్ల మీద పెట్టాను.

షాపు మణికంఠ, "అయ్యబాబో, నెలకోపాలి కడితే సాలు బావా! నీకంత తొందరేటి?" అన్నాడు.

"నీ మిక్సీ నా ఇంట్లో ఉండగా నీ డబ్బు నా జేబులో ఎందుకుంటాదిరా? ముందు లెక్కెట్టుకో" అన్నాను.

చాలాసేపు గొడవపడి తీసుకున్నాడు. పది నెలల పని నాలుగు రోజుల్లో చేశాను కాబట్టి నా స్కోరు ఎంతయిందో తెలియజేయగలరు.

ఇట్లు,
మళ్లీ బాకీ లేని
చలమయ్య

తా.క. మా ఆవిడ రామలక్ష్మమ్మ ఈ సంగతి విని మిక్సీ ఆపి మరీ నవ్వింది.

మార్చి 3.

చలమయ్య గారికి,

మీ రికార్డు ఇప్పుడు వచ్చింది. అందులో నాలుగు రోజులే ఉన్నాయి. నాలుగు రోజులు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరట. ఏప్రిల్ దగ్గరపడింది. మీ ఇంట్లో ఇంకెవరి పేరు మీదైనా ప్రయత్నించండి. మీ భార్యగారి ఆధార్, పాన్ కార్డులతో ఇద్దరూ ఒకసారి రండి.

హిమబిందు

తా.క. ఇంతకంటే చెప్పడానికి నాకు అధికారం లేదు.

మార్చి 17.

హిమబిందమ్మ గారికి,

మేమిద్దరం వచ్చిన రోజు మీరు మీటింగుకు వెళ్లారట. జరిగింది రాస్తున్నాను.

మా ఇంట్లో అప్పన్నది లేదని మీ గుమస్తాకు రుజువు చేద్దామనే వచ్చాను. అతను రామలక్ష్మమ్మ కార్డు నంబరు కొట్టి, లేచి నిలబడి ఆవిడకు కుర్చీ వేశాడు. ఆవిడ స్కోరు ఏడు వందల తొంభై ఒకటట. ఆవిడ చంద్రహారం పుట్టింట్లో భద్రంగా ఉందనుకున్నాను. తుఫాను ఏడాది నుంచి మీ లాకరులోనే కుదువ ఉందట. ప్రతి ఏడూ వానాకాలంలో దాని మీద డబ్బు తీసుకుని, నెలనెలా పాలు అమ్మి తీర్చిందట. వానల్లో సరుకు కొనడానికి ఆవిడ నా చేతిలో పెట్టిన సొమ్మంతా అదే.

"నాకు సెప్పలేదేటే?" అన్నాను.

"సెప్తే నువ్వు అన్నం మానేత్తావు. రొక్కం, రొక్కం అని ఊరంతా సెప్పుకు తిరగతన్నావ్. ఆ రొక్కం ఎక్కణ్ణించి వత్తందో ఒక్కపాలైనా అడిగేవేటి?" అంది.

అడగలేదు.

బండి లోను ఆవిడ పేరున మంజూరైంది. అప్పు ఉండడం తప్పని ఇన్నాళ్లూ అనుకున్నాను. నెలనెలా ఓపికగా తీర్చడం నా చేత కాదని ఇప్పుడు తెలిసింది. నేర్చుకుంటాను.

ఇట్లు,
రామలక్ష్మమ్మ భర్త
చలమయ్య

తా.క. నాకు లైసెన్సు ఉంది గనక బండికి నన్నే డ్రైవరుగా పెట్టుకోమన్నాను. జీతం ఎంతిస్తావని కూడా అడిగాను. "ముందు ఆర్నెల్లు నడిపి సూపించు, అప్పుడు సూద్దాం" అంది.