కూరలో ఉప్పు వేశాను

అత్తయ్యా,

మీరు పడుకున్నారని లేపలేదు. ఆసుపత్రికి వెళ్తున్నాను. అన్నం వండి ఉంది, కూర వేడి చేసుకోండి. మోకాళ్ల మాత్ర తిన్నాకే వేసుకోండి. చొక్కాల కోసం ఎవరైనా వస్తే, కత్తిరించని గుడ్డలు వెనక్కి ఇచ్చేయండి. ఆయన సగం కుట్టినవి మాత్రం ఇవ్వకండి.

కూరలో ఇవాళ ఉప్పు వేశాను. నా చేతి ఉప్పు వల్లే మీ అబ్బాయికి పక్షవాతం వచ్చిందని మీరన్న రోజు నుంచి ఇంటిల్లిపాదీ చప్పిడి కూడే తిన్నాం. నేనూ నిజమేననుకుని కుమిలిపోయాను.

నిన్న డాక్టరమ్మ గుండె స్కానింగ్ చూసి చెప్పింది. పుట్టాక మూసుకుపోవాల్సిన చిన్న రంధ్రం ఆయన గుండెలో అలాగే ఉండిపోయిందట. రక్తం గడ్డ అందులోంచి దాటి మెదడుకి చేరి ఉంటుందట. ఎవరి తప్పూ కాదంది. నా వంటదీ కాదు, మీ కడుపుదీ కాదు. విన్నారా, మీ కడుపుదీ కాదు.

ఇంకొకటి. ఈ రంధ్రం సంగతి మీకు చెప్పొద్దని మీ అబ్బాయి ఎడమచేతి వేలు పెదాల మీద పెట్టుకుని సైగ చేశారు. "అమ్మకి..." అన్నారు. అంతవరకే మాట వచ్చింది. ఇన్నాళ్లకి నోరు తెరిచి అడిగింది అదొక్కటే. అదీ చెయ్యలేకపోయాను.