కొమ్ముపురుగుల గది

చిరంజీవి అమ్మడికి, నాన్న ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ అమ్మా బాగున్నాం. నువ్వెలా ఉన్నావని అడగను. మొన్న వచ్చిన నీ ఉత్తరంలో చదివాను.

అడిగినవాటికి వరసగా చెప్తాను. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది, నోరూ అంతే. కొమ్ముపురుగుల వ్యాపారం బాగానే సాగుతోంది. సరదాకి పెంచుకునేవాళ్లు కొమ్ము ఎంత పెద్దదైతే అంత ఇష్టంగా కొంటారు. గది వేడిగా ఉంటే పిల్లపురుగు తొందరగా ఎదిగి, చిన్న పురుగై బయటికొస్తుంది. చల్లగా ఉంటే నింపాదిగా తిని, నింపాదిగా లావెక్కి, ఇంత కొమ్మేసుకుని వస్తుంది. వాటిని పెంచే రంపపు పొట్టులో తడి ఎక్కువైతే బూజు పడుతుంది, ఆరిపోతే పురుగే చస్తుంది. "నన్నేనాడైనా ఇంత అపురూపంగా చూశారా?" అని మీ అమ్మ దెప్పుతూనే ఉంటుంది. నేను వినపడనట్టు డబ్బాల్లో పొట్టు తడి చూసుకుంటాను.

నీకు చెప్పని సంగతొకటుంది. ఇంట్లో చల్లటి గది నీదే కదా, నీ పెళ్లయ్యాక దాన్ని పురుగులకిచ్చేశాను. ఎవరూ తెరవకుండా తలుపుకి బయట గడియ కూడా పెట్టించాను.

అల్లుడు పనికి వెళ్తూ నిన్ను లోపలుంచి బయట గడియ పెట్టి పోతున్నాడని రాశావు. "మీకు ఇబ్బంది లేకపోతే కొన్నాళ్లు వచ్చి ఉంటాను" అనీ రాశావు. అది చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది నువ్వు కాదమ్మా, పురుగులు. అవిప్పుడు ప్యూపా దశలో, అంటే పిల్లపురుగు రెక్కల పురుగుగా మారే దశలో ఉన్నాయి. పొట్టులో గూడు చేసుకుని పడుకుంటాయి, ఆ గూడు కదిలితే రెక్కలు వంకరపోతాయి. ఒక్క నెల ఆగమని నీకు రాయబోయాను. మీ అమ్మ నా చేతిలో కలం లాక్కుంది. "పురుగుల రెక్కలు వంకరపోతే పోనివ్వండి," అంది. నాకు సిగ్గేసింది.

ఆ సాయంత్రమే డబ్బాలన్నీ వంటింట్లోకి మార్చాం. సగం గూళ్లు చేతుల్లోనే విరిగాయి. ఇవాళ పొద్దున ఒకటి ముందుగానే బయటికొచ్చింది. ఒక రెక్క సరిగ్గా మూసుకోదు, ఎవరూ కొనరు. శుభ్రంగా తిని తిరుగుతోంది. దాన్ని మీ అమ్మ తన దగ్గరే ఉంచుకుంది.

ఈ ఉత్తరం కూడా అల్లుడి కంటపడకుండా మీ పక్కింటావిడ పేరుకే పంపుతున్నాను. ఆదివారం పొద్దున్నే నేనొస్తాను, అల్లుడితో నేనే మాట్లాడతాను. బట్టలు సర్దుకుని ఉండు.

గది కడిగి నీ మంచం వేశాం. పొట్టు వాసన ఇంకా కాస్త ఉంది. తలుపుకి బయటి గడియ పీకేశాను, దాన్నే లోపల బిగించాను. ఇక వేసుకునేదీ నువ్వే, తీసేదీ నువ్వే.

ఇట్లు,
మీ నాన్న