గట్టయ్య ఇచ్చిన ఎర్ర గోలీలు

గోదావరిఖని,
4 సెప్టెంబర్ 2009

ప్రియమైన ఇస్మాయిల్ భాయ్‌కి, రాయమల్లు రాసేది.

నువ్వు నస్పూర్ గనికి బదిలీ అయినంక ఫస్ట్ షిఫ్టుల నాతోని ముచ్చట పెట్టేటోడే లేడు. ఫోన్ల మాట్లాడుదామంటే బొగ్గు బాయిల పేలుళ్లకు నా చెవులు పోయె. అందుకే ఉత్తరం.

ఈడ అందరికీ స్వైన్‌ఫ్లూ ఫికర్ పట్టుకుంది. నాకు మొన్నటి సంది ముక్కు కారుతుంది, ఒళ్లు నొప్పులు. దవాఖానకు పోతే ఆడనే అంటుకుంటదని పోలే. పక్క క్వార్టర్ గట్టయ్య తన దగ్గుకు తెచ్చుకున్న ఎర్ర గోలీలు మిగిలినయట. "నాకు దగ్గు తక్కువైంది, శానా గట్టి మందు, నువ్వేసుకో" అని డబ్బ మొత్తం ఇచ్చిండు. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి ఏస్తున్న. మా ఇంటామె కనకవ్వకు ఇయ్యబోతే "నీ డాక్టరీ నా మీద చెయ్యకు" అని చీపురు లేపింది.

నువ్వు పైలం.
నీ రాయమల్లు

నస్పూర్,
8 సెప్టెంబర్

రాయమల్లన్నకు ఇస్మాయిల్ సలాం.

నీ చెవులే పోయినయనుకున్న, తలకాయల అక్కల్ కూడ పోయిందా? ఆ గోలీ పేరన్న సూసినవా? దవాఖానకు పోవాలె. నన్ను సూడు, సొంత వైద్యం జోలికే పోను. ఉత్త మిరియాల కషాయం, రోజుకు ఎనిమిది గ్లాసులు. నోరంతా పొక్కి మూడు రోజుల సంది మజ్జిగన్నమే తింటున్న. మా బీవీ షహజాదీ నవ్వుతుంది.

జల్ది జవాబు రాయి.
ఇస్మాయిల్

గోదావరిఖని,
11 సెప్టెంబర్

భాయ్, ఇదే నా ఆఖరి ఉత్తరం కావచ్చు.

ఒంటేలు ఎర్రగ వస్తుంది. భయమై గోలీలు రెండు రెండు పెంచిన. ఇంక ఎర్రగైంది. చెమటకు తెల్ల బనీను నారింజ రంగు తేలింది. ఏడ్సి కండ్లు తుడుసుకుంటే తువ్వాలకు గూడ అదే రంగు! కనకవ్వకు చెప్పలే, తట్టుకోదు.

పోయేటోడు అబద్ధంతోని పోవద్దు. అప్పట్ల నీ సద్ది డబ్బల చేప ముక్క మాయం చేసింది మన షిఫ్టు పోశం కాదు, నేనే. మాఫ్ చెయ్.

రాయమల్లు

నస్పూర్,
14 సెప్టెంబర్

అన్నా,

పోశం ఆడికే వస్తుండు, ఈ చీటి ఆయన చేతికే ఇస్తున్న. నిన్ను దవాఖానకు గుంజుకపొమ్మన్న. గోలీలు బంద్ పెట్టు, డబ్బ ఎంబడి పట్టుకపో. చేప సంగతి అప్పుడే ఎరుక, పులుసు నీ మీసానికే ఉండె.

నువ్వు పోతే నేనెవలితోని కొట్లాడాలె?
ఇస్మాయిల్

గోదావరిఖని,
24 సెప్టెంబర్

ప్రియమైన భాయ్, బతికే ఉన్న.

డాక్టరమ్మ డబ్బ సూసి, "రంగు గోలీలది, నీది కాదు. నీకొచ్చింది ఉత్త పడిశం" అన్నది. నేను మురుస్తుంటే ఆమె మొఖం మారింది. "ఇవి టీబీ గోలీలు. ఎవలియి? నడుమల ఆపితే పానం మీదికొస్తది."

"తొవ్వల దొరికినయి" అన్న. టీబీ అంటే వాడకట్టుల చెంబు గూడ ముట్టరు, దోస్తు పేరెట్ల చెప్తం?

ఇంటికొచ్చి కనకవ్వకు చెప్పిన. "గట్టయ్యకు దగ్గు పోయిందని ఎవలన్నరు? పదిహేను దినాల సంది గోడ అవతల దగ్గుతనే ఉన్నడు. నీకు ఇనవడదు" అన్నది.

గట్టయ్య ఇంటికి ఉరికిన. అడిగితే గట్టయ్య తలకాయ దించిండు. "మూడు నెలలకు తగ్గిందని ఆపిన. మల్ల మొదలైంది. చెప్తే డ్యూటీల నుంచి తీసేస్తరని భయం. డబ్బ ఇంట్ల ఉంటే నా పెండ్లాం లింగవ్వ అడుగుతదని నీకిచ్చిన."

నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చినయి. తెల్లారి చెయ్యి పట్టుకొని తీసుకపోయిన. డాక్టరమ్మ ఇద్దరినీ కలిపి తిట్టింది. పరీక్షలు చేసి, ఆయనకు మందు మొదటి నుంచి మొదలు పెట్టింది. ఆయన రోజూ మింగుతున్నడా లేదా సూసే పని నాకు అప్పజెప్పింది. నిన్న నాలుక కింద దాసిండు. నోరు తెరిపిచ్చి పట్టిన.

లింగవ్వ భయపడుకుంట చాయ్ తెచ్చింది. నేను తాగుతనో లేదోనని తలుపు పక్కన నిలవడి సూసింది. మొత్తం తాగి, ఇంకో కప్పు అడిగిన. ఇంటికొచ్చి కనకవ్వకు చెప్తే ఒక్కటే అడిగింది: "చక్కెర సరిపోయిందా?"

నీ రాయమల్లు