సాక్ష్యంగా పంపిన గుడ్డు ముక్క

అల్లుడుగారికి, అత్త కోపంగానే పంపుతున్న ఆశీస్సులు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేమిటా అనుకుంటారేమో. ఫోన్‌లో మీరు "అత్తయ్యగారూ, భోంచేశారా?" అనగానే నాకు కోపం దిగిపోతుంది. ఈసారి దిగిపోవడం నాకిష్టం లేదు.

నర్సుల ట్రైనింగని మా అమ్మాయి మూడు నెలలు వేరే ఊరు వెళ్ళింది, బాగానే ఉంది. అది వెళ్ళిన దగ్గర్నుంచి మీ కూతురు, మన పిచ్చుక, పొద్దున్నే టీలో బిస్కెట్లు ముంచుకు తిని బడికి పోతోందట! ఏడేళ్ళ పిల్ల! ఈ మాట ఎవరో చెప్పలేదు, అదే చెప్పింది, అదేదో ఘనకార్యమైనట్టు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీది టైల్స్ ఫ్యాక్టరీ, బట్టీ దగ్గర తెల్లవారకముందే డ్యూటీ, అన్నీ తెలుసు. అంతమాత్రాన పిల్ల కడుపు మాడ్చాలా?

ఆదివారం ఒక్క గంట ఓపిక పట్టండి. డజను గుడ్లు గిలక్కొట్టి, పాలు, ఉల్లిపాయ, పాలకూర, రొట్టె ముక్కలు, కాస్త చీజ్, ఉప్పు, మిరియాలు కలిపి, వెన్న రాసిన ట్రేలో పోసి, ఓవెన్‌ని నూట ఎనభైలో పెట్టి కాల్చండి. చల్లారాక ముక్కలు కోసి సగం ఫ్రిజ్‌లో, సగం పైన ఐస్ అరలో పెట్టుకుంటే వారమంతా సరిపోతుంది. పొద్దున్నే ఒక ముక్క వేడిచేసి పిల్ల చేతిలో పెట్టడం మీకు బరువు కాదనుకుంటాను.

ఇదీ చేతకాదంటే చెప్పండి. మా అమ్మాయి వచ్చేదాకా పిల్లని నేను తెచ్చుకుంటాను. నేను యూనిఫాంలు కుట్టే బడి మా కొట్టు ఎదురుగానే ఉంది, హెడ్మిస్ట్రెస్‌తో మాట్లాడాను కూడా.

ఇట్లు,
మీ అత్తగారు

తా.క.: బట్ట కత్తిరించేటప్పుడు మార్జిన్ వదలకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకే గుడ్లు, పాలు కూడా కాస్త వదులుగానే చెప్పాను.

---

అత్తయ్యగారికి, నెత్తిన గుడ్డు సొన ఇంకా పూర్తిగా వదలని అల్లుడి నమస్కారాలు.

మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను. ట్రే పొంగింది. పొంగి ఓవెనంతా కారి, తలుపు సందులోంచి నేలమీదికొచ్చింది. పిచ్చుక స్టూలెక్కి చప్పట్లు కొట్టింది.

మీరు మార్జిన్ వదిలిన సంగతి తాజా కలంలో రాస్తారా? దాన్ని నేను వంటంతా అయ్యాక చదివాను! మా మట్టి బట్టీలో కాలితే కుంచించుకుపోతుంది. అందుకని మేమెప్పుడూ పదో వంతు పెంచి పోస్తాం. గుడ్లకీ అలాగే పెంచాను. మీ వదులు, నా పెంపు కలిశాయి. పైగా ఈ గుడ్లు కుంచించుకుపోవడం మానేసి ఉబ్బాయి. ఇది ముందుగా చెప్పాల్సిన విషయమా కాదా?

ఇక రుచి. అచ్చం రబ్బరు, నమలడానికి దవడలు పీకాయి. బట్టీ చల్లారకముందే తలుపు తీస్తే టైల్స్ పగులుతాయని, ఓవెన్ పూర్తిగా చల్లబడేదాకా నేను తలుపు ముట్టుకోలేదు. మనిషన్నవాడు ఇంతకంటే జాగ్రత్తగా ఉంటాడా? తప్పు వంటకంలోనే ఉంది. సాక్ష్యంగా ఒక ముక్క బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. మీ కత్తెరతో కోసి చూడండి. కత్తెర మొద్దుబారితే నా పూచీ లేదు.

పిల్లని మాత్రం పంపను.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: నూట ఎనభై డిగ్రీలని చెబితే మా బట్టీవాళ్ళు పడీపడీ నవ్వారు. మా దగ్గర అది జ్వరం కిందికి కూడా రాదట.

---

టైల్సు కాల్చే అల్లుడుగారికి,

ఆశీస్సులు మామూలే. ముక్క అందింది. మీ ఉత్తరం చదివి మిషను ఆపి మరీ తిట్టుకున్నాను. కాలరు కుట్టాల్సిన చోట జేబు కుట్టేశాను, ఆ పాపం మీదే.

గుడ్డు మట్టి కాదండీ! అంచులు గట్టిపడి, మధ్యలో ఇంకా కాస్త వణుకుతుండగానే బయటికి తీసెయ్యాలి. ఆ వేడికి మిగతాది అదే సర్దుకుంటుంది. పాలకూర పిండి వేశారా? వెయ్యలేదు, నాకు తెలుసు, అడుగున నీళ్ళు చేరాయి. పదో వంతూ వద్దు, నా మార్జినూ వద్దు. పది గుడ్లు చాలు.

అయితే ఒక్క ముక్క చూసి తీర్పు చెప్పడం న్యాయం కాదు. మళ్ళీ చేసి నాలుగు ముక్కలు పంపండి. రెండు మామూలు ఫ్రిజ్‌లోవి, రెండు ఐస్ అరలోవి. నిలవుంటే ఎలా ఉంటుందో నేను పరీక్షించాలి.

ఇట్లు,
పిల్ల క్షేమం కోరే
అత్తగారు

తా.క.: పుట్టగొడుగులు వేస్తే ఎలా ఉంటుందో కూడా చూడాలి. పిల్ల కోసమే.

---

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఈసారి మధ్యలో వణుకుతుండగానే తీశాను. తీస్తున్నప్పుడు నేనూ వణికాను. బట్టీ ఎర్రగా ఉండగా తలుపు తీసిన పాపం నా జన్మలో చెయ్యలేదు. కానీ ఒప్పుకోవాలి, మెత్తగా వచ్చింది. పిచ్చుక ఒక ముక్క తిని రెండోది అడిగింది. ఇక్కడ రెండోది అడగడమంటే మామూలు విషయం కాదు. దాని తిండి సంగతి మీకు తెలుసు కదా, ముక్కుతో పొడుచుకున్నట్టు తింటుంది. ఇప్పుడు బడికి వెళ్తూ గుమ్మంలో బూట్లు వేసుకుంటూ నములుతోంది.

నాలుగు ముక్కలూ పంపుతున్నాను, పుట్టగొడుగులది ఒకటి విడిగా కట్టాను. ఫ్రిజ్‌వి ఏవో, ఐస్ అరవి ఏవో చీటీలు అంటించాను. తీర్పు త్వరగా చెప్పండి. మీరు నింపాదిగా పరీక్షలు చేస్తుంటే నాకు పనిమీద ధ్యాస ఉండటం లేదు. నిన్న లేతాకుపచ్చ టైల్స్ ముదురాకుపచ్చగా దించాను. సూపర్‌వైజరు నా వైపు చూసిన చూపు మీరు చూడాల్సింది.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క.: పోయినసారి పంపిన డబ్బా తిరిగి రాలేదు. అది మీ అమ్మాయి డబ్బా. నా ప్రాణం పోయినా ఫరవాలేదు గానీ అది పోకూడదు.

---

అల్లుడుగారికి ఆశీస్సులు.

ముక్కలు పరీక్షించాను. ఒక దాంట్లో ఓ మూల ఉప్పెక్కువైంది. పుట్టగొడుగులది ఫరవాలేదు గానీ, ఒక్కటే పంపితే ఏం తెలుస్తుంది? టమాటాలతో ఎందుకు చెయ్యలేదు? ఇన్ని లోపాలు పెట్టుకుని పిల్లని మీ దగ్గర వదిలెయ్యమంటారా? నాకు మనసొప్పడం లేదు. నిర్ణయం తీసుకున్నాను. వచ్చే ఆదివారం పిల్లని, దాని బట్టల పెట్టెని బస్సెక్కించుకుని తీసుకురండి. కొత్త చోటు, అలవాటు పడేదాకా మారాం చేస్తుంది కాబట్టి, దాంతోపాటు వారానికి సరిపడా గుడ్ల ట్రే కూడా తేవాలి. ఆ వారమే కాదు, ప్రతి వారం పంపాలి. తండ్రి చేతి వంట పిల్లకి దూరం చెయ్యడం నాకిష్టం లేదు.

ఇట్లు,
అత్తగారు

తా.క.: ట్రే పెద్దదే తెండి. పిల్ల ఎదిగే వయసు.

---

అత్తయ్యగారికి,

నమస్కారం పెట్టే ఓపిక కూడా లేదు, అయినా పెడుతున్నాను.

ఇదేం న్యాయమండీ? మీరు వండమన్నారు, వండాను. పొంగితే నేల తుడిచాను. పాలకూర నీళ్ళు కారకుండా నా చొక్కాలో చుట్టి పిండాను. ఆ చొక్కా పచ్చగా అయిపోయింది, వదిలేశాను. పిల్ల బుగ్గలు నిండాయని వాళ్ళ టీచరమ్మ అంది. ఇప్పుడు ఓ మూల ఉప్పెక్కువైందని పిల్లని తీసుకెళ్తారా? ఇన్నాళ్ళూ మీరు అడిగిన ముక్కలన్నీ నా మీద కేసు కట్టడానికేనని నాకిప్పుడర్థమైంది.

పిల్లని పంపను. పొద్దున దాని జడ వంకరగా వేస్తే "నాన్నా, ఇది మీ బట్టీలో పగిలిన టైల్‌లా ఉంది" అని వెక్కిరిస్తుంది. ఆ వెక్కిరింత లేకుండా ఈ ఇంట్లో నేనుండలేను. ఈ మాట మీ అమ్మాయికి కూడా ఎప్పుడూ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

పెద్ద ట్రే మొత్తం పంపుతున్నాను. సగం టమాటాలతో, సగం పుట్టగొడుగులతో. మీ అమ్మాయికి చూపిస్తారో, హెడ్మిస్ట్రెస్‌కి చూపిస్తారో, బజారులో నిలబెట్టి చూపిస్తారో మీ ఇష్టం. ఇందులో ఒక్క లోపం చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

ఇట్లు,
మీరు అన్యాయం చేస్తున్న
అల్లుడు

తా.క.: పిచ్చుకని అడిగాను, అమ్మమ్మ దగ్గరికి వెళ్తావా అని. "అమ్మమ్మకి వండటం వచ్చా?" అంది. నేనేం నేర్పలేదు, ఒట్టు.

---

అల్లుడుగారికి, అత్త ఆశీస్సులు, ఈసారి నిజంగానే.

ట్రే ఎవరికీ చూపించలేదు. చూపించడానికి ఏమీ మిగల్లేదు.

కేసా? నా మొహం! మా ఇంట్లో ఓవెనే లేదు, మీరు గమనించలేదా? కోటు కొలతలకొచ్చినావిడ కబుర్లలో ఆ వంటకం చెబితే, నా మార్జిన్ కలిపి మీకు రాసి పారేశాను. మధ్యలో వణికే సంగతి కూడా తర్వాత ఆవిణ్ణే అడిగి రాశాను. అది తినే పదార్థమో కాదో కూడా నాకు తెలీదు. ఇక్కడ యూనిఫాంల సీజను, బడివాళ్ళు పెట్టిన గడువులోపు గుట్టలు గుట్టలు కుట్టాలి. పొయ్యి వెలిగించే తీరికెక్కడిది? బన్ను, టీ, మళ్ళీ బన్ను. అలాంటి సమయంలో మీ సాక్ష్యం వచ్చింది. రబ్బరన్నారే, అది కూడా బాగుంది! మిషను పక్కనే నిలబడి తినేశాను. తర్వాత వచ్చినవీ అంతే. ఎవరో నాకోసం వండి, చీటీ అంటించి పంపడం మీ మామగారు పోయాక ఇదే మొదటిసారి. మీకు మాత్రం అది సాక్ష్యం!

"అల్లుడుగారూ, ఆకలేస్తోంది, నాకూ పంపండి" అని అత్తగారు ఎలా అడుగుతుందండీ? పిల్ల ఇక్కడుంటే మీరు వారం వారం ట్రే పంపక తప్పదు కదా అనుకున్నాను. ఇదంతా ఇంతదాకా వచ్చిందంటే తప్పు మీదే. ఫోన్‌లో అన్నిసార్లు "భోంచేశారా?" అని అడుగుతారే, ఒక్కసారైనా ఏం తిన్నారని అడిగారా?

పిచ్చుక మీ దగ్గరే ఉంటుంది. హెడ్మిస్ట్రెస్‌కి వద్దని చెప్పేశాను. ట్రే మాత్రం ఆపకండి.

ఇట్లు,
మీ అత్తయ్య

తా.క.: మా అమ్మాయి తిరిగి రాగానే వంటిల్లు దానికి అప్పగించేస్తారేమో. ఆ పని మాత్రం చెయ్యకండి. దాని వంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేర్పింది నేనే.