ఎడమవైపు గేజి గ్లాసు

జమ్మలమడుగు,
శుక్రవారం.

నా తల్లి బ్లెస్సీకి మీ నాయన దీవించి రాయునది. ఇక్కడ ప్రభువు దయవల్ల నేనూ, మీ అమ్మా, మీ అమ్మ పెంచే కోడిపుంజూ క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడు డేవిడూ, చిన్న ఎస్తరూ క్షేమమని నీ ఉత్తరంలో చూసి సంతోషించాము. ఎస్తరు జ్వరం పూర్తిగా తగ్గిందని రాశావు, ఆ రాత్రే మీ అమ్మ మోకాళ్ల మీద నిలబడి ప్రార్థన చేసింది. తెల్లారి ఆ మోకాళ్లు పట్టేసి నన్ను తిట్టింది.

ఫోనులో చెప్పే మాటలకు ఉత్తరమెందుకని అల్లుడు నవ్వుతాడని తెలుసు. నవ్వనీ. పదమూడేళ్లు బాయిలర్ల కడుపులో సుత్తి మోత విన్న చెవులివి. ఫోనులో నువ్వు "నాయనా బాగుండావా" అంటే నాకు "బువ్వ తిన్యావా" అని వినిపిస్తుంది, నేను పప్పు, చారు అంటాను. కాగితం మీద అయితే నువ్వు చెప్పిందే నాకు అందుతుంది.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. మీ అమ్మ మోకాళ్ల మాత్రలు వేసుకుంటూ ఉందా అని అడిగావు. "మోకాళ్లు నావి, నొప్పి నాది, మాత్రలు మింగేది నేను, మధ్యలో మీ ఇద్దరికేంది కత" అంది. అంటే వేసుకోవడం లేదని అర్థం. టీ గిన్నె అడుగున తెల్ల పెచ్చు వెనిగరు పోస్తే పోయిందా అన్నావు. పోయింది, పది రోజుల్లో మళ్లీ పట్టింది. మనది నాపరాతి నేల, బోరులో వచ్చేది సగం నీళ్లు సగం సున్నం. ఈసారి ఆ పెచ్చును గరిటెతో గీకి, పొట్లం కట్టి ఈ కవరులోనే పెట్టాను. పారేయొద్దు, నీకు పనికొస్తుంది.

మీ పాల ఫ్యాక్టరీ బాయిలరు హౌసులో భద్రతా వారం జరుపుతున్నారనీ, కొత్తగా చేరిన పిల్లలకు నువ్వే మాట్లాడాలనీ, పాతకాలం రైలింజన్ల బాయిలర్లు ఎందుకు పేలేవో చెప్పమనీ అడిగావు కదా. వాళ్లకు ముందు ఈ పెచ్చు చూపించు. ఆవిరి ఎక్కువై బాయిలరు పేలుతుందని అందరూ అనుకుంటారు. ఆవిరి ఎక్కువైతే సేఫ్టీ వాల్వు లేచి బుస్సుమని వదిలేస్తుంది. ఆ బుస్సు వినలేక వాల్వు స్ప్రింగు బిగించిన మహానుభావులు ఉన్నారనుకో, వాళ్ల సంగతి వేరు. లోపల రేకుల్ని పట్టి ఉంచే బోల్టులు చొక్కా గుండీల్లాగా ఒకటొకటే తెగిపోతున్నా పట్టించుకోని షెడ్లూ ఉండేవి. కానీ ఎక్కువసార్లు కొంప ముంచింది నీళ్లు తక్కువ కావడమే. బొగ్గు మండే ఫైర్‌బాక్సు నెత్తిమీది రేకు ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి. కింద మంట, పైన నీళ్లు. నీళ్లు దిగిపోతే ఆ రేకు ఎర్రగా కాలి, మెత్తబడి, లోపలికి కూలిపోతుంది. అప్పుడు బాయిలర్లో ఉన్న ఆవిరంతా ఒక్కసారిగా బయటికొస్తుంది. ఇంజను ఒకచోట, చక్రాలు ఒకచోట పడతాయి. మనుషుల గురించి రాయను.

నీళ్లు ఎంత ఉన్నాయో చెప్పేది గేజి గ్లాసు. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. గాజు గొట్టానికి కింది దారి నీళ్లలోకి, పై దారి ఆవిరిలోకి ఉంటాయి. సున్నం పెచ్చు కింది దారిని మూసేస్తే, పైనుంచి వచ్చిన ఆవిరి చల్లబడి గాజులో నీళ్లై నిలుస్తుంది. గాజు సగం నిండుగా కనిపిస్తుంది, బాయిలరు ఎండిపోతూ ఉంటుంది. అందుకే వాషౌటు రోజు బాయిలరు కడిగి, గేజి గ్లాసు నట్లు ఇప్పి, ఆ దారుల్లో చువ్వ దూర్చి శుభ్రం చేసి, పుస్తకంలో సంతకం పెట్టాలి. అన్నిటికీ ఆఖరుగా ఫైర్‌బాక్సు నెత్తిమీద లెడ్ ప్లగ్గు ఉంటుంది. నీళ్లు మరీ దిగిపోతే దానిలో సీసం కరిగి, ఆవిరి మంట మీదికి దూకి హెచ్చరిస్తుంది. మన గఫూర్ మామ కుక్కరు మూతలకు బిగించే సేఫ్టీ వాల్వు దాని మనవడే అనుకో.

పిల్లలకు ఇంతవరకు చెప్తే చాలు. ఇక ఉత్తరం చివర, ఎస్తరు బొమ్మల కింద, చిన్న అక్షరాలతో నువ్వు అడిగిన దానికి వస్తాను. అంత చిన్నగా రాస్తే మీ నాయన కళ్లకు కనబడదనుకున్నావేమో. చెవులే పోయాయి గానీ కళ్లున్నాయి.

ఎస్తరుకు జ్వరం వచ్చిన రెండు రోజులూ నీతో పనిచేసే హరికృష్ణ నీ డ్యూటీ కూడా చేసి, రిజిస్టరులో నీ పేరుతో సంతకం పెట్టాడన్నావు. వచ్చే వారం అతని చెల్లెలి పెళ్లి, ఇప్పుడు అతని డ్యూటీ నువ్వు చేసి అతని పేరు రాయాలన్నావు. "మంచోడు నాయనా, కాదంటే మొహం ఎట్లా చూపించేది, అందరూ చేసేదే గదా, రాయనా వద్దా" అని అడిగావు. రాయొద్దు. సలహా కాదు ఇది, మీ నాయనగా చెప్తున్నాను. నా మాట మీద నీకు కోపం వస్తే, కింద రాసింది చదివి అప్పుడు తెచ్చుకో.

మీ జాన్సన్ అన్న మీ అమ్మ కడుపులో ఉన్నప్పటి సంగతి. నేనూ గఫూర్ మామా ఒకే షెడ్డులో ఫిట్టర్లం. క్రిస్మసుకు నా పని గఫూర్ చేసేవాడు, రంజానుకు అతని పని నేను చేసేవాణ్ణి. పుస్తకంలో ఒకరి పేరు ఒకరం రాసేవాళ్లం. మా పని చూసే చార్జిమనుకు తెలుసు, చూడనట్టు ఉండేవాడు. మేం దాన్ని స్నేహం అనుకున్నాం. మేం గర్వంగా చెప్పుకునే సంగతి కూడా అదే.

ఆ ఏడు రంజాను నాడు ఒక ఇంజను వాషౌటుకు వచ్చింది. గేజి గ్లాసుల పని గఫూర్‌ది, కాబట్టి నాది. కుడివైపు నట్టు ఇప్పి చువ్వ దూర్చాను. ఎడమవైపు నట్టు సున్నం పట్టి బిగుసుకుపోయింది. ఎండ మండుతూ ఉంది. అప్పటికే గఫూర్ వాళ్లమ్మ మెహబూబున్నీసా కబురు పంపింది, ఇమ్మానుయేలు వచ్చేదాకా ఈ ఇంట్లో ఎవురికీ బువ్వ పెట్టేది లేదని. ఆమె అన్నదంటే అంతే, పండగపూట ఇంటిల్లిపాదీ ఖాళీ కంచాల ముందు కూర్చొని ఉంటారు. రెండుసార్లు స్పానరు వేశాను, కదలలేదు. కుడివైపు శుభ్రంగా ఉంది కదా, వచ్చే వాషౌటుకు చూద్దాం అనుకున్నాను. పుస్తకంలో రెండువైపులా చేసినట్టు రాసి, కింద గఫూర్ అని సంతకం పెట్టాను. వెళ్లి కడుపునిండా తిన్నాను. మీ అమ్మకు ఒక గిన్నెలో సేమ్యా పాయసం కూడా తెచ్చాను.

మూడో రోజు దారిలో ఆ ఇంజను కుడివైపు గాజు పగిలింది. డ్రైవరు దాని కొళాయిలు కట్టేసి, ఎడమవైపు గాజును నమ్ముకొని నడిపాడు. అది సగం నిండుగా చూపిస్తూనే ఉంది. అతను ఒక్కసారి కింది కొళాయి తిప్పి నీళ్లు వదిలి చూసి ఉంటే తెలిసేది. అతనూ పుస్తకంలో సంతకం చూసి ధైర్యంగా ఉన్నాడు. లెడ్ ప్లగ్గు కరిగింది. దాని పుణ్యాన బాయిలరు పేలలేదు. కానీ ఆవిరి దూకిన క్షణంలో ఫైర్‌మన్ వెంకటేశు తలుపు తెరిచి బొగ్గు వేస్తున్నాడు. మంటా ఆవిరీ కలిసి అతని రెండు చేతుల మీదికి వచ్చాయి. లింగాల ఊరి పిల్లోడు, ఇరవై మూడేళ్లు. ప్రాణం దక్కింది, వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

విచారణకు ముందు గఫూర్ నన్ను పక్కకు పిలిచి ఒకే మాట అడిగాడు. "ఇమ్మానుయేలూ, ఎడమవైపు చువ్వ దూర్చినావు గదా?" నేను "దూర్చినా" అన్నాను. లోపల అధికారి పుస్తకం చూపించి ఈ సంతకం ఎవరిదని అడిగితే గఫూర్ "నాదే సార్" అన్నాడు. నేను గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. గఫూర్ ఉద్యోగం పోయింది. నేను ఆవిరి ఇంజన్లు పోయాక డీజిలు వైపు మారి, పూర్తిగా పనిచేసి, దండలు వేయించుకొని రిటైరయ్యాను. గఫూర్ మామ రైల్వే పని ఇష్టం లేక మానేశాడని నీకు చెప్పింది కూడా నేనే. అది అబద్ధం తల్లీ.

వెంకటేశును మళ్లీ ఒక్కసారి చూశాను. పులివెందుల బస్టాండులో, గొర్రెలు అమ్మి పోతున్నట్టున్నాడు. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకొని తాగుతున్నాడు. నేను స్తంభం వెనక్కి జరిగాను. ఆ తర్వాత ఆదివారాల్లో చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం గిన్నె అందుకున్నప్పుడల్లా నాకు ఆ రెండు అరచేతులే గుర్తొచ్చేవి. సిగ్గుతో చచ్చిపోతూ తాగేవాణ్ణి.

నీ ఉత్తరం వచ్చిన రోజు మొదట మీ అమ్మకు చెప్పాను. సాయంత్రం "నేను గూడా తిన్యానే ఆ పాయసం" అని ఏడ్చింది. తెల్లారి నన్ను బస్సెక్కించింది.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక సందులో గఫూర్ అంగడి నీకు తెలుసు కదా. కుక్కరు మూత పట్టుకొని రబ్బరు మారుస్తున్నాడు. కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. "గఫూర్, ఆ పండగనాడు ఎడమవైపు నట్టు నేను ఇప్పలే. దూర్చినా అని నీకు అబద్ధం చెప్పినా."

అతను మూత పక్కన పెట్టాడు. "నాకు తెలుసప్పా."

ఎట్లా తెలుసన్నాను.

"మర్నాడు పొద్దున ఇంజను ఇంకా షెడ్డులోనే ఉండె. చూసినా. నట్టు మీద పెచ్చు పెచ్చుమాదిరే ఉండాది. ఇప్పుదామని చెయ్యి పెట్టినా. ఇప్పితే చార్జిమను అడగడా, నిన్న చేసినట్టు రాసి ఈ పొద్దు మళ్లా ఎందుకు ఇప్పుతాండావని? సంతకం నా పేరుతో ఉండె. పోనీలే అని చెయ్యి తీసేసినా. మధ్యాన్నానికి ఇంజను పాయ."

స్టూలు మీద కూలబడ్డాను. మరి తెలిసి కూడా ఆ రోజు నన్ను ఎందుకు అడిగావన్నాను.

"నువ్వు లేదంటావని అడిగినా. నువ్వు లేదంటే, నేను గూడా చూసి ఊరుకున్యానని నీకు చెప్పి, ఇద్దరం లోపలికి పోదామనుకున్యా. నువ్వు దూర్చినా అంటివి. నా నోరు ఆడనే పడిపాయ. నీకోసం నిలబడినా అనుకున్యావా ఇన్నేండ్లూ? నా తప్పుకే నిలబడినానప్పా."

బ్లెస్సీ, ఆ అంగట్లో ఇద్దరు ముసలోళ్లం చేతులు పట్టుకొని ఎంతసేపు ఏడ్చామో తెలియదు. మిక్సీ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒకామె మమ్మల్ని చూసి, దాన్ని గడపలో పెట్టి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది.

తర్వాత అతనికి నీ ఉత్తరం ఇచ్చాను. అద్దాలు పెట్టుకొని చిన్న అక్షరాలు రెండుసార్లు చదివాడు. "మన బ్లెస్సీ పాపకు రాయి. ఆ హరికృష్ణను పెండ్లికి పోమ్మను. డ్యూటీ మార్చుకుంటాండామని ఇద్దరూ కాగితం రాసి ఆఫీసులో ఇయ్యమను. రిజిస్టరులో ఎవురు చేసింది వాళ్ల పేరే రాయమను. ఎస్తరుకు జరమొచ్చిన రెండు దినాల సంగతి గూడా ఇప్పుడే చెప్పేయమను. తిడతారు. తిట్టించుకోమను." నాకు చెప్పడం చేతకాని మాట అతను చెప్పాడు. హరికృష్ణ నీమీద అలుగుతాడని భయపడకు. అతనికి ఈ ఉత్తరం చదివి వినిపించు. ఇందులో నా పరువు గురించి ఆలోచించొద్దు.

సోమవారం మేమిద్దరం లింగాల పోతున్నాం. వెంకటేశు కోసం గఫూర్ ఒక కుక్కరు సిద్ధం చేశాడు. మూతకు మామూలు పిడి తీసేసి, పెద్ద కడియంలాంటిది బిగించాడు, వేళ్లు ముడవలేని మనిషి మణికట్టు దూర్చి ఎత్తేలాగ. మూడుసార్లు ఇప్పి మూడుసార్లు బిగించాడు, తనివి తీరక. మీ అమ్మ జొన్నరొట్టెలు కట్టిస్తానంటోంది. అవేవీ ఆ చేతులకు బదులు కావని మాకు తెలుసు. వెంకటేశు కూర్చోమన్నా, గొర్రెల కట్టె తీసుకున్నా, చెప్పవలసింది చెప్పాలి. ఎవరు ముందు చెప్పాలన్న దానిమీద గఫూరూ నేనూ చిన్నపిల్లల్లా కొట్లాడుకున్నాం. ఉద్యోగం పోయింది నాది, కాబట్టి నేనే ముందంటాడు అతను. చివరికి నేనే గెలిచాను.

చిన్న ఎస్తరుకు తాత ముద్దులు. అల్లుడికి మా దీవెనలు.

ఇట్లు,
మీ నాయన,
ఇమ్మానుయేలు.

ఈ సంతకం నాదే తల్లీ.