వాన పాట చివర ఆమేన్

నర్సీపట్నం హాస్టలు, బుధవారం

అమ్మా, నేను బాగున్నాను. బడుల పాటల పోటీలో వాన పాట పాడుతున్నంతసేపూ నాకు హాలు కనపడలేదు, మన జీడితోట మీద మంచు మెల్లగా కదులుతున్నట్టే ఉంది. పాట అయిపోగానే చర్చి అలవాటుకొద్దీ మైకులో ‘ఆమేన్’ అనేశాను. అందరూ నవ్వారు. నా పక్క మంచం లావణ్య, “వాన పాటకి ఆమేన్ ఏటే?” అని ఇంకా ఏడిపిస్తోంది. అయినా మొదటి బహుమతి నాకే ఇచ్చి, విశాఖలో సంగీత శిబిరానికి రమ్మన్నారు. అది ఈస్టరు వారంలోనే పడింది. నాన్నకు నువ్వే నచ్చజెప్పి, అనుమతి కాగితం మీద సంతకానికి బేగి పంపు. తెల్లకోడి పిల్లల్ని చేసిందా? తాతయ్యకు దగ్గు తగ్గిందా? వందనాలు చెప్పు. ఈస్టరు తెల్లవారుజామున చర్చి పాటలో నా చరణం నువ్వు పాడు. ఆమేన్ విశాఖ నుంచి నేనంటాను.

నీ కరుణ